అత్త ఎడమ చెవి

ఈమధ్య నంద్యాలలో చెవి పరీక్ష చేయించుకోవాల్సి వచ్చింది. కొన్నేళ్ళుగా కుడిచెవి మందగిస్తోంది. ఫోను మోగితే ఎడమచెవి దగ్గర పెట్టుకోవడం ఎప్పుడు అలవాటైందో నాకే తెలియదు. ఆస్పత్రివాళ్ళు నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. గోడలకు దిండ్లలాంటివి అతికించి ఉన్నాయి. చెవులకు తగిలించిన యంత్రంలో కూత వినబడినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. మొదట్లో కూతలు బాగానే వినబడ్డాయి. తర్వాత సన్నబడ్డాయి. ఆ తర్వాత నా ఊపిరి, నా గుండె, గుటక మింగితే గొంతులో అయ్యే చప్పుడు, అంతే. అద్దం అవతల ఉన్న అమ్మాయి మాత్రం ఏదో తిప్పుతూనే ఉంది. అంటే శబ్దం వస్తూనే ఉంది, నాకే అందడం లేదు.

బయటికి వచ్చాక డాక్టరమ్మ చెప్పింది. "చెవి లోపల ఉండే చిన్న ఎముక బిగుసుకుపోయిందమ్మా. ఆపరేషన్ చేస్తే చాలామందికి నయమవుతుంది. కొన్ని కుటుంబాల్లో ఇది వస్తూ ఉంటుంది. మీ ఇంట్లో ఇదివరకు ఎవరికైనా ఉండేదా?"

"మా మేనత్తకు ఉండేది."

"ఆపరేషన్ చేయించుకున్నారా?"

"ఒక చెవికి చేయించుకుంది."

"రెండోదానికి?"

"వద్దనింది."

"ఎందుకని?"

దానికి జవాబు చెప్పాలంటే ఆ డాక్టరమ్మ బయట కాచుకుని ఉన్నవాళ్ళందరినీ ఇళ్ళకు పంపేయాలి. నవ్వి ఊరుకున్నాను. నా ఆపరేషన్‌కు మాత్రం అక్కడికక్కడే సరేనని చెప్పి ఆళ్ళగడ్డ బస్సెక్కాను. శిరివెళ్ళ దాటేదాకా అత్త పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంది.

ఆళ్ళగడ్డలో మా ఇల్లు శిల్పాలు చెక్కేవాళ్ళ వీధిలో ఉండేది. నాయన శిల్పి. ఇంటి ముందే కొట్టం. అందులో నాయనతో పాటు నలుగురైదుగురు కూర్చుని చెక్కేవాళ్ళు. పొద్దున సంగటి తిని సుత్తి పట్టుకుంటే పొద్దు వాలేదాకా ఆ టకటక ఆగేది కాదు. ఇప్పుడు ఆ వీధిలోకి పోతే రాయి కోసే చక్రాల అరుపు తప్ప ఇంకేమీ వినబడదు. అప్పుడు ప్రతి మనిషి సుత్తికీ ఒక నడక ఉండేది. పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ తల ఎత్తకుండానే, "మీ నాయన బీడీకి లేసినాడు, సూడు" అనేది. చూస్తే నిజంగానే నాయన వేపమాను కింద బీడీ ముట్టిస్తూ ఉండేవాడు.

ఇంటి నిండా రాతిపొడి. దండెం మీది బట్టల్లో, మంచినీళ్ళ కడవ మూత మీద, మా తల వెంట్రుకల్లో. వాన తొలి చినుకులు పడితే ఊళ్ళో అందరి ఇళ్ళ ముందూ మట్టి వాసన వచ్చేది, మా ఇంటి ముందు రాయి వాసన వచ్చేది. కొలిమిలో ఎర్రగా కాల్చిన ఉలిని నీళ్ళల్లో ముంచితే బుస్సుమని పొగ లేచి ఒక వాసన వచ్చేది. దానికోసమే మేం పిల్లలం కొలిమి దగ్గర చేరి తిట్లు తినేవాళ్ళం.

నేను అయిదో తరగతి ముగించిన వేసవిలో అత్త మా ఇంటికి వచ్చింది. నాయనకు ఒక్కతే చెల్లెలు. కోయిలకుంట్లలో ఇచ్చారు. అంతకుముందు ఉగాదికి వచ్చినప్పుడు కడుపుతో ఉండి, నన్ను ఎత్తుకోలేక, ఒళ్ళో తల పెట్టించుకుని పాటలు పాడింది. ఈసారి మామ ఒక రేకుల పెట్టెతో సహా ఆమెను తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టాడు. కాన్పులో ఆడపిల్ల పోయిందని, అప్పటినుంచీ చెవులు వినబడడం లేదని అమ్మా అవ్వా గొంతు తగ్గించి చెప్పుకుంటున్నారు. గొంతు తగ్గించాల్సిన పనే లేదు, ఆమెకు ఎలాగూ వినబడదు.

"చెవులు బాగయినాంక వచ్చి పిల్సకపోతా బావా" అన్నాడు మామ, నాయనతో. మజ్జిగ కూడా తాగకుండా బస్సుకు వెళ్ళిపోయాడు.

చెవిటివాళ్ళు గట్టిగా మాట్లాడతారు. మా వీధి చివర ఒక ముసలాయన ఉండేవాడు, ఆయన ఇంట్లో ఉప్పు అడిగితే వీధంతటికీ వినబడేది. అత్త అలా కాదు. పక్కన పడుకున్న పసిబిడ్డ లేస్తుందేమో అన్నట్టు మెల్లగా మాట్లాడేది. ఆమె ఏమంటున్నదో వినడానికి చెవులున్న మేమే దగ్గరికి జరగాల్సి వచ్చేది. అందరితో కలిసి అన్నానికి కూర్చునేది కాదు. జొన్నరొట్టె నములుతుంటే తన నమలడం తనకే తలలో మోతగా ఉంటుందట. ఊరిబిండి నంజుకుని ఒక్క ముద్ద తినేది, ఆపేది, ఏదో విన్నట్టు చూసేది, మళ్ళీ తినేది.

అవ్వ తనకు తెలిసిన వైద్యమంతా చేసింది. వెల్లుల్లి కాచిన నూనె, గోరువెచ్చని ఆముదం, ఇంకేవో ఆకుల పసరు. సందు చివర సాయిబులావిడ తన బిడ్డకు కట్టినట్టే ఒక తాయెత్తు తెచ్చి కట్టింది. ఆ వేసవంతా మా ఇంట్లో వెల్లుల్లి నూనె వాసనే. అత్త దిండు ఎండలో పెడితే ఆ వాసనకు కుక్కలు వచ్చేవి.

మధ్యాహ్నాలు ఎండకు వీధిలో మనిషి ఉండడు. కొట్టంలో వాళ్ళు అన్నాలు తిని రాళ్ళ పక్కనే పడుకునేవాళ్ళు. ఊరంతా ఒక్కసారి గొంతు నొక్కినట్టు నిశ్శబ్దం. ఆ వేళలో అత్త నడింట్లో దూలం కింద గోడకు ఆనుకుని కూర్చుని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊగేది. ఒకరోజు నేను నీళ్ళకు లేచి చూశాను. ఊగుతూ, "ఊ... ఊ... వస్తాండా... ఊరుకో" అంటోంది.

పక్కన ఎవరూ లేరు.

నేను వెళ్ళి మోకాలి మీద తట్టాను. ఉలిక్కిపడలేదు. నన్ను దగ్గరికి లాక్కుని, నా తలను తన తలకు ఆనించి, నా చెవిని తన చెవికి అదిమింది. "విన్యావా పాపా?" అనింది. "ఏడుస్తాండాది సూడు."

చల్లటి చెవి. వెల్లుల్లి వాసన. మొదట ఏమీ లేదు. తర్వాత సన్నగా, ఎక్కడో చాలా దూరంలో, గోడల అవతల ఇంకా ఎన్నో గోడల అవతల, ఒక పసిబిడ్డ ఏడుస్తున్నట్టు వినబడింది. ఎవరి చెవికి చెవి ఆనించినా ఏదో ఒక హోరు వినబడుతుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నేను విన్నాను. ఇవాళ ఎవరైనా ఒట్టు వేయమంటే ఏమని వేయాలో నాకు తెలియదు.

ఆ సంగతి అమ్మకు చెప్పలేదు. నా స్నేహితురాలికి చెప్పాను. ఆమె మా పక్కింటి శిల్పి కూతురు, నాకంటే ఏడాది పెద్దది, దేనికీ భయపడేది కాదు. "మీ యత్తకు దయ్యం పట్టింది, నువ్వు గూడ విన్యావు గాబట్టి నీకు గూడ పడతాది" అని తేల్చేసింది. అప్పటినుంచీ అత్త వెనకాల చేరి తిట్టడం, కుక్కలా మొరగడం మాకు ఆటైపోయింది. ఆమె తిరిగి చూసేది కాదు. ఆమె వీపు చూసి నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు పొద్దున పనివాళ్ళకు మజ్జిగ ఇవ్వడానికి అత్త కొట్టంలోకి వెళ్ళింది. అయిదారు సుత్తులు ఒక్కసారి పడుతున్నాయి. ఆ మోతలో పక్కనున్న మనిషి మాటే వినబడదు. మేమిద్దరం ఆమె వెనకే నక్కి ఉన్నాం. నా స్నేహితురాలు నా చెవిలో గుసగుసగా, "మీ యత్త మీద దయ్యముంది మే" అనింది.

అత్త వెనక్కి తిరిగింది.

"యాడుంది మే?" అనింది, ఎప్పటిలాగే మెల్లగా.

నా స్నేహితురాలు మజ్జిగ చెంబు తన్నేసి పారిపోయింది. నేనొక్కదాన్నే మిగిలాను. అత్త నా ముఖంలోకి చూసి నవ్వింది. ఆమెకే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. కొట్టమంతా కలయజూస్తూ, "అన్నా, నాకు ఈడ అందరి మాటలూ వినపడతాండాయి" అనింది.

నాయన సుత్తి ఆపాడు. ఆయనను చూసి మిగతావాళ్ళూ ఆపారు. నిశ్శబ్దమైంది. నాయన ఏదో అడిగాడు. అత్తకు వినబడలేదు. పెదాల వైపు చూస్తూ నిలబడింది. నాయన చెయ్యి ఊపితే పనివాళ్ళు మళ్ళీ కొట్టడం మొదలుపెట్టారు. ఆ మోతలో నాయన మళ్ళీ అడిగాడు. "సంగటి తిన్యావా అమ్మీ?"

"తిన్యా అన్నా."

పనివాళ్ళలో ఒకాయన సుత్తి కింద పెట్టి, దండం పెట్టుకుంటూ బయటికి వెళ్ళాడు. ఆ పూట మళ్ళీ లోపలికి రాలేదు.

సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోయింది. ఇంట్లో వినబడనిది కొట్టంలో వినబడుతోందంటే రాళ్ళల్లో ఏదో ఉందని కొందరు, నాయన చెక్కుతూ సగంలో ఆపిన అమ్మవారి విగ్రహమే దీనికి కారణమని కొందరు. కొండకింద పల్లెలో ఒక మంత్రగాడున్నాడని, పొగ వేసి, వేపమండలతో కొట్టి వదిలిస్తాడని ఎవరో చెప్పారు. అవ్వ అప్పటికే మూట కట్టింది.

"ఆయప్ప కొట్టే దెబ్బలకు దయ్యం పోతాదో, నా చెల్లెలే పోతాదో" అన్నాడు నాయన. "ముందు నంద్యాలలో చెవుల డాక్టరుకు సూపిస్తా. ఆయన చేత గాకపోతే నీ ఇష్టం."

"డాక్టరు దయ్యాన్ని సూస్తాడా?"

"చెవి సూస్తాడు గదా. దయ్యం చెవిలోనే ఉంది గదా అమ్మా."

అవ్వ గొణుక్కుంటూ మూటను మూలకు జరిపింది.

నంద్యాలకు నన్నూ తీసుకెళ్ళారు. అత్త నా చెయ్యి వదల్లేదు. అందుకే తీసుకెళ్ళారు. బస్సు మోతలో అత్త దారంతా ముందు సీటువాళ్ళ మాటలు వింటూ, వాళ్ళ ఇంటి గొడవలు నాకు చెప్తూ వచ్చింది. బస్సు దిగగానే మళ్ళీ మూగబోయింది.

డాక్టరు మదరాసులో చదువుకుని వచ్చినవాడు, సన్నటి మనిషి. నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకుని ఉన్నాడు. ఆ అద్దం నడుమ చిన్న కంత, కంతలోంచి ఒక కన్ను. గదిలో స్పిరిటు వాసన. ఆయన రెండు కొనల ఇనుప పుల్ల ఒకదాన్ని తన మోకాలికి కొట్టి అత్త చెవి ముందు పట్టుకున్నాడు. అత్త తల అడ్డంగా ఊపింది. దాని కాడను చెవి వెనకాల ఎముకకు ఆనించాడు. అత్త నోరు తెరిచి నాయన చెయ్యి పట్టుకుంది.

"ఎముకలో మోగుతాండాది అన్నా!"

డాక్టరు తలాడించి నాయనకు వివరించాడు. చెవి లోపల మూడు చిన్న ఎముకలుంటాయట. అన్నింటికంటే చిన్నది బియ్యపు గింజంత కూడా ఉండదట, గుర్రపు జీనుకు వేలాడే రికాబులా ఉంటుందట. శబ్దం వచ్చినప్పుడు అది కదలాలి. ఈమెకు అది గూట్లో బిగుసుకుపోయింది. కొందరు ఆడవాళ్ళకు కాన్పు తర్వాత ఎక్కువవుతుందట. ఆ ఎముక తీసి, దాని బదులు చిన్న పుల్ల లాంటిది పెడితే మళ్ళీ వినబడుతుంది.

రికాబు అనగానే నాయన ముఖం తేటపడింది. ఎన్నో గుర్రాలకు చెక్కాడు. "కొట్టంలో మాత్రం ఎట్ల వినపడతాది సార్?" అని అడిగాడు.

"ఈ జబ్బుకు అది మామూలే. మోతలో మనం గొంతు పెంచి మాట్లాడతాం. మోత వాళ్ళను అంతగా బాధించదు. మాట అందుతుంది."

నేను నాయన చొక్కా పట్టుకుని నిలబడి ఉన్నాను. మేం గొంతు పెంచలేదు, గుసగుసలాడాం. అది చెప్పాలనుకున్నాను. అద్దంలోని ఆ కన్ను చూసి చెప్పలేకపోయాను.

డాక్టరు దాచుకోకుండా ఇంకో మాట కూడా చెప్పాడు. "చాలామందికి బాగవుతుంది. ఎప్పుడో ఒకరికి ఉన్న వినికిడి కూడా పూర్తిగా పోవచ్చు. అందుకే ముందు ఎక్కువ పాడైన చెవికి చేస్తాను. కుడిదానికి. అది కుదురుకున్నాక ఎడమది."

నాయన ఈ మాటలన్నీ అత్త చెవి వెనక నోరు పెట్టి గట్టిగా చెప్పాడు. అత్త వింది. "ఏడుపు?" అని ఒక్క మాటే అడిగింది. నాయనకు అర్థం కాలేదు. డాక్టరుకూ అర్థం కాలేదు. నాకొక్కదానికే అర్థమైంది.

ఆపరేషన్ రోజు పొద్దున నాయన నాకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కొనిచ్చాడు. ఆస్పత్రి వసారాలో బల్ల మీద కూర్చుని తిన్నాను. ఫినాయిలు వాసనలో ఆ ఉగ్గాని రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది. అవ్వ తాయెత్తును మూటలో పెట్టుకుని కూర్చుంది, లోపల తీసేయమన్నారని. నాయన లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు, గోడకున్న రాతిని గోటితో గీకి చూస్తున్నాడు.

లోపల జరిగింది అత్త తర్వాత చెప్పింది. మత్తు ఇచ్చి నిద్రపుచ్చలేదు. చెవి చుట్టూ సూదులు వేసి, ముఖం మీద గుడ్డ కప్పి, మెలకువతోనే చేశారు. చెవి నుంచి లోపలికి పోయి గీకుతుంటే ఆ చప్పుడు తల నిండా మోగిందట. "మీ నాయన కొట్టంలో నేనే రాయినయి పండుకున్యట్లుండె పాపా. యాడ చెక్కుతాండారో, ఎవుర్ని చెక్కుతాండారో తెలీదు" అనింది. ఆ గీకుడు వెనకాల బిడ్డ ఏడుపు వినబడుతూనే ఉందట. ఉన్నట్టుండి ఏదో ఊడింది. ఇంకేదో అమరింది. పళ్ళెంలో కత్తెర పెట్టిన చప్పుడు పిడుగు పడ్డట్టు వినబడింది. డాక్టరు మెల్లగా, "అమ్మా, వినపడుతోందా?" అన్నాడు.

"వినపడతాండాది సార్" అందట అత్త. ఆ వెంటనే, "అది యాడికి పాయె?" అని అడిగిందట. మత్తుసూదుల ప్రభావం అనుకున్నారు.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆమెకు లోకమంతా తిరిగింది, తల నిండా హోరే, ఏ చప్పుడు ఎక్కడిదో తెలియలేదు. తల కదిపితే వాంతి. తుమ్మకూడదు, ముక్కు చీదకూడదు. రుచికి సంబంధించిన సన్నటి నరం ఆ దారిలోనే ఉంటుందట. అది కదిలినందువల్ల నాలుకకు కుడివైపు ఏం పెట్టినా రాగిచెంబు నాకినట్టు ఉండేది. కొన్ని నెలలకు అది సర్దుకుంది.

చెవిలోని దూది తీశాక ఆళ్ళగడ్డకు తెచ్చాం. ఇక ఆ ఇంట్లో పండగే కావాలి. అవ్వ పాయసం చేసింది. వీధివీధంతా వచ్చి అత్త వెనక నిలబడి పిలిచి చూశారు. పిలిచిన ప్రతిసారీ ఆమె తిరిగింది, మామకు కబురు పోయింది. అత్తకు మాత్రం లోకం మరీ ఎక్కువగా వినబడుతోంది. చీర కుచ్చిళ్ళ చప్పుడుకు వెనక్కి తిరిగి చూసేది. నేను శనగలు నమిలితే లేచి అవతలికి పోయేది. కొట్టంలోకి పోవడమే మానేసింది, ఆ మోతకు తట్టుకోలేక.

తర్వాత వెతకడం మొదలుపెట్టింది.

మొదట ఎవరూ గమనించలేదు. ధాన్యం గరిసె దగ్గర నిలబడి చెవి ఆనించేది. ఖాళీ కడవల్లోకి వంగి వినేది. దూలానికున్న ఉయ్యాల కొక్కేల కింద నిలబడి పైకి చూసేది. అమ్మ అడిగితే, "ఏం ల్యాదు వదినా" అనేది. అమ్మ ఊరుకునేది. చెవులు కొత్తగా వచ్చాయి, అన్నీ విని చూసుకుంటోంది అనుకున్నారు.

ఒక మధ్యాహ్నం కొట్టంలో అందరూ నిద్రలో ఉన్నప్పుడు నేను వేపపళ్ళు ఏరుతున్నాను. అత్త అడుగు చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళింది. రాళ్ళ మధ్య ఒక్కొక్క విగ్రహం దగ్గరా ఆగి, వంగి, కుడిచెవి ఆనించి వింది. నందికి ఆనించింది. ముక్కూ మూతీ లేని ద్వారపాలకుడికి ఆనించింది. చివరికి నాయన సగంలో ఆపిన అమ్మవారి దగ్గరికి వచ్చింది. ఆ విగ్రహానికి కళ్ళు ఇంకా తెరవలేదు, నడుము కింద అంతా ముడిరాయే. అత్త దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని, కడుపు దగ్గర చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది.

ఎప్పుడు లేచాడో, నాయన నా వెనకే నిలబడి ఉన్నాడు. "ఏం ఎదుకుతాండావమ్మీ?" అని అడిగాడు. గట్టిగా అడగలేదు, అయినా అత్త విని తిరిగింది.

"బిడ్డ అన్నా. డాక్టరు ఎముకతో పాటు దాన్ని గూడ తీసేసినట్లుండాడు."

నాయన ఆమెను చేయి పట్టి ఇంట్లోకి తెచ్చాడు. ఆ రోజు నుంచీ అత్త అన్నం మానేసింది. అవ్వ మళ్ళీ మంత్రగాడి మాట ఎత్తింది. ఈసారి నాయన అడ్డు చెప్పలేదు. నాకు దానికే భయమేసింది.

మంత్రగాడి దగ్గరికి పోయే ముందు తలస్నానం చేయించాలని అవ్వ నీళ్ళు కాచింది. ఆపరేషన్ చేసిన చెవిలోకి నీళ్ళు పోకూడదని డాక్టరు చెప్పాడు గదా, అమ్మ దూదిని కొబ్బరినూనెలో తడిపి అత్త కుడిచెవిలో గట్టిగా పెట్టింది. నీళ్ళు పోసుకునే జాలారిలో అవ్వ సీకాయ రుద్దుతోంది. నేను నీళ్ళు అందిస్తున్నాను. అత్త ఉన్నట్టుండి అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్ళల్లోకి సీకాయ కారుతున్నా కళ్ళు మూయలేదు. తల ఎడమవైపుకు వంచింది.

"ఈడుంది!" అనింది. నవ్వుతోంది. "యాడికీ పోల్యా. ఈడనే ఉండాది!"

ఎడమచెవి. బయటి చప్పుళ్ళు కుడిచెవిలోంచి దూరినన్నాళ్ళూ ఆ ఏడుపు దాంట్లో అణగిపోయి ఉందన్నమాట. తడి జుట్టుతోనే నడింట్లోకి వచ్చి దూలం కింద కూర్చుని, దూది పెట్టిన చెవితో మెల్లగా ఊగింది. ఆ సాయంత్రం రెండు రొట్టెలు తినింది. కట్టిన మూట అవ్వ తనే విప్పేసింది. భయం పోయి విప్పిందో, భయపడే విప్పిందో తెలియదు.

కొన్ని నెలల తర్వాత రెండో చెవి కోసం నంద్యాలకు రమ్మన్నారు. మామ కూడా వచ్చాడు, కొత్త చీర తెచ్చాడు. రెండు చెవులూ బాగైతే అటునుంచి అటే కోయిలకుంట్లకు పిలుచుకపోతానన్నాడు. డాక్టరు పరీక్ష చేసి కుడిచెవి ఎంతో బాగా కుదిరిందన్నాడు. ఎడమదానికి రోజు చెప్తానన్నాడు.

"వద్దు సార్" అనింది అత్త.

నాయన సర్దబోయాడు. మామ ముఖం ముడుచుకున్నాడు. "ఒగ చెవి బాగయి, ఇంగొగటి వద్దంటే ఏందీ అర్థం? నలుగురూ నన్నేమంటారు?"

డాక్టరు వాళ్ళను ఆగమని సైగ చేశాడు. "భయమా అమ్మా? ఒకసారి చేయించుకున్నావు గదా."

"భయం ల్యా సార్. ఆ చెవిలో నా బిడ్డ ఏడుస్తాండాది."

ఆ జబ్బులో చెవిలో అలాంటి మోతలు వస్తాయని, అది నిజమైన ఏడుపు కాదని డాక్టరు ఓపికగా చెప్పాడు. ఆపరేషన్ చేస్తే అది కూడా తగ్గిపోవచ్చని, హాయిగా ఉంటుందని చెప్పాడు. అత్త అంతా వింది.

"తగ్గిపోతాదనే వద్దంటాండా సార్. ఈ కుడిచెవి మీరిచ్చినారు. దీంతో అందరి మాటా వింటా, మా ఆయన మాట వింటా, మా యత్త మాట వింటా. ఆ చెవి నాది గాదు. బిడ్డది."

డాక్టరు నుదుటి అద్దం విప్పి బల్ల మీద పెట్టాడు. అద్దం లేకుండా ఆయన మామూలు మనిషిలా ఉన్నాడు. నాయనతో, "తీసుకెళ్ళండి. ఆమె అడిగినప్పుడు చేద్దాం" అన్నాడు.

ఆమె ఎప్పుడూ అడగలేదు.

మామ బస్టాండుదాకా గొణిగాడు. అక్కడ ఆయన కోయిలకుంట్ల బస్సు వైపు, మేం ఆళ్ళగడ్డ బస్సు వైపు విడిపోవాలి. అత్త మా వైపు రాలేదు. పెట్టె తర్వాత పంపమని నాయనతో చెప్పి, మామకు ఎడమపక్కగా నిలబడింది, ఆయన మాట కుడిచెవికి అందేలా. ఆయన చూశాడు. ఇద్దరూ కలిసి బస్సెక్కారు.

తర్వాత ఆమెకు ఇద్దరు కొడుకులు పుట్టారు. కాపురం అందరిలాంటి కాపురమే. ఎవరైనా వస్తే కుడిపక్కన కూర్చోమనేది. పడుకుంటే మంచి చెవిని దిండుకు అదిమి పడుకునేది, ఎడమచెవి పైకి వచ్చేలా. ఎందుకని కొడుకులు అడిగితే, "అలవాటు" అనేది. మా వీధిలో సుత్తులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నాయన పోయాడు, అవ్వ పోయింది. కళ్ళు తెరవని అమ్మవారిని ఎవరూ తీసుకోక కొట్టం వెనకాల చాలా ఏళ్ళు పడి ఉంది.

నాకు మొదటి కాన్పు అయ్యాక బిడ్డను చూపించడానికి కోయిలకుంట్లకు వెళ్ళాను. అత్తకు అప్పటికే జుట్టు నెరుస్తోంది. వసారాలో కూర్చుని చేటలో శనగలు ఏరుతోంది. నా బిడ్డ దారి పొడుగునా ఏడ్చి ఏడ్చి అప్పుడే నిద్రపోయింది. ఆ ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం గనక, ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకున్నది అడిగాను.

"అత్తా, ఇంకా వినపడతాండాదా?"

"ఊ" అనింది, శనగలు ఏరుతూనే.

"ఎప్పుడూ ఏడుపేనా? నీకు బాధ గాదా? అప్పుడే తీయించుకుని ఉంటే నెమ్మదిగా ఉండేదానివి గదా."

అత్త చేతులు ఆగాయి. నా ఒళ్ళోని బిడ్డ వైపు చూసింది.

"నీ బిడ్డ పుట్టంగానే ఏడ్సిందా?"

"ఆస్పత్రంతా వినపడేట్టు ఏడ్సింది."

"నాది ఏడ్వల్యా పాపా" అనింది అత్త. "మంత్రసాని కాళ్ళు పట్టి తలకిందలు చేసి తట్టింది. నీళ్ళు సల్లింది. నోట్లో ఊదింది. అందరూ గమ్మున నిలబడినారు. నేను గూడ ఊపిరి బిగబట్టుకుని కాచుకున్యా. ఒక్క తూరి గూడ ఏడ్వల్యా. గుడ్డలో సుట్టి తీసుకపోయినారు. దాని గొంతు ఎట్లుంటాదో ఎవురికీ తెలీదు." చేట పక్కకు పెట్టింది. "మూడో దినం నా చెవిలో ఏడ్సింది."

ఇంకేమైనా చెబుతుందని చూశాను. అత్త నా వైపు నుంచి తల తిప్పుకుని, కుడిచెవిని అరచేత్తో మూసుకుంది. నేనేమీ మాట్లాడలేదు. మాట్లాడినా ఆమెకు వినబడి ఉండదు.